డోలు బయటే ఉండిపోయిన బహుమతి సభ

నేను ఢిల్లీలోని ద్వారకలో ఉంటాను. ఢిల్లీ చూడటానికి వచ్చే చుట్టాలను వెంటేసుకుని తిప్పడం నాకు అలవాటే. ఈసారి వచ్చినవాళ్ళు మాత్రం ఊరు చూడటానికి రాలేదు. గుంటూరు వైపు పెళ్ళిళ్ళకు నాదస్వరం వాయించే మా పెదనాన్న రికార్డుకు వాద్య సంగీతంలో జాతీయ బహుమతి వచ్చింది. ఆ రికార్డులో డోలు వాయించిన మస్తాన్ బాబాయి కూడా ఆయనతో బయలుదేరాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వాళ్ళలో ఒకరు లేని కచేరీ చూడలేదు. ఇలాంటి సభకు మీవాళ్ళను తీసుకొచ్చే పని పడితే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

పొద్దున్నే న్యూఢిల్లీ స్టేషన్‌లో దిగినవాళ్ళను ఇంటికి తీసుకొచ్చి, గోంగూర పచ్చడితో భోజనం పెట్టాను. సభ సాయంత్రం ఐదింటికి, మండీ హౌస్ దగ్గర ఒక ఆడిటోరియంలో. ద్వారక నుంచి బ్లూ లైన్ మెట్రో నేరుగా వెళ్తుంది. సుమారు గంట ప్రయాణం, టికెట్టు అరవై రూపాయల లోపే. కానీ మెట్రోలో సామాన్లకు కొలతలుంటాయి, డోలేమో పెద్దది. అందుకని మూడింటికే క్యాబ్ ఎక్కాం. దారిలో ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. మీరు క్యాబ్‌లో వెళ్తే అక్కడికోసం ఇంకో అరగంట చేతిలో ఉంచుకోండి.

"యే ఢోల్ లేకే శాదీ మే జా రహే హో క్యా, అంకుల్?" అని డ్రైవర్ అడిగాడు, డోలుతో పెళ్ళికి వెళ్తున్నామనుకుని.

"శాదీ నై భయ్యా, ఇనామ్ హై. హమ్ దోనోంకా," అన్నాడు బాబాయి. పెళ్ళి కాదు, బహుమతి అని చెప్పి, ఇద్దరిదీ అన్న మాట కాస్త గట్టిగానే అన్నాడు. కొత్త పంచె నలుగుతుందని దారంతా నిటారుగానే కూర్చున్నాడు పాపం.

గేటు దగ్గర ఒక అమ్మాయి మా ఆధార్ కార్డులు చూసింది. కళాకారుడితో పాటు ఒక్కరికే ప్రవేశం, ఆ పాసేమో ముందే నా పేరుతో తయారై ఉంది. నాది బాబాయికి ఇమ్మని బతిమాలాను. పేరు మార్చడం కుదరదని మర్యాదగానే చెప్పింది.

"ఇదేం చోద్యమమ్మా! ఆ రికార్డులో సగం వీడి చేతులే కదా!" అన్నాడు పెదనాన్న. నేను హిందీలో చెప్పాను. ఆ అమ్మాయి ఫోన్‌లో ఆ రికార్డు వివరాలు వెతికి చూపించింది. కళాకారుల దగ్గర పెదనాన్న పేరొక్కటే ఉంది.

ఆయన ముఖం పాలిపోయింది. "స్టూడియోవాళ్ళు ఫోన్ చేసి మేళం ఎవరిదని అడిగార్రా. నా పేరు చెప్పా. మన దగ్గర అంతేగా!" అన్నాడు.

నిజమే. మావైపు పెళ్ళివారు నాదస్వరం ఆయనకే తాంబూలం ఇస్తారు. ఆ ఒక్క పేరుతో డోలు, తాళం, శ్రుతి అందరూ కుదిరినట్టే. విడివిడిగా పేర్లు చెప్పాలని ఆయనకెందుకు తోస్తుంది?

"పిలుస్తున్నారు, నువ్వు పద అన్నా. నేనిక్కడ చాయ్ తాగుతుంటా," అని బాబాయే ఆయన్ను లోపలికి తోశాడు.

శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చాక, రెండు నిమిషాలు వాయించమన్నారు. పెదనాన్న కీర్తన ఎత్తుకున్నాడు. పల్లవి రెండుసార్లు తిప్పి, డోలు అందుకోవలసిన చోట అలవాటు కొద్దీ ఆగి పక్కకు చూశాడు. అయిపోయిందనుకుని సభంతా చప్పట్లు కొట్టింది. వాళ్ళను తప్పుపట్టలేను, వాళ్ళకెలా తెలుస్తుంది? ఆయన నమస్కారం పెట్టి దిగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

బయట బాబాయి డోలు పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"నా చోటు దాకా వచ్చావా?" అని అడిగాడు.

"వచ్చాన్రా. అక్కడే చప్పట్లు కొట్టేశారు."

పెదనాన్న శాలువా తీసి ఆయనకు కప్పబోయాడు. బాబాయి దాన్ని జాగ్రత్తగా మడతపెట్టి తిరిగిచ్చేశాడు. "ఇది నీదన్నా. నాదైతే నన్నూ పిలిచేవాళ్ళు," అన్నాడు.

మర్నాడు ఎర్రకోట చూపిస్తానంటే ఇద్దరూ వద్దన్నారు. బహుమతి వచ్చిందన్న సంతోషం ఇంట్లో ఎవరి నోటా వినపడలేదు. తప్పు ఎవరిదని వెతికితే ఎవరిదీ కాదు, అదే ఎక్కువ బాధగా ఉంది. మీవాళ్ళెవరైనా వాద్యం రికార్డు చేయిస్తుంటే ఒక్క పని చేయండి: పేరు అడిగిన రోజే డోలు, తాళం, శ్రుతి, అందరి పేర్లూ చెప్పండి. గేటు దగ్గర చెబితే ఎవరూ రాసుకోరు.