పాలు చల్లిన చెయ్యి

"పాలు చల్లింది నువ్వు కాదూ? కోర్టులో ఆ ఫోటో చూపించారు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నావు!"

"దీవించమన్నారొదినా. ఎక్కడికో ప్రయాణమనుకున్నా."

"ఏం ప్రయాణం? మన బీళ్లలోనే గాలిమరలు పాతుకుని కూర్చున్నారు!"

నైసియే ఇంకా అరుస్తూనే ఉంది. ముసలి లెకూపే తల దించుకుని, చెక్కుతున్న ఒంటె కొయ్య మెడగంట మీది పొట్టును ఊదుకున్నాడు.

రోజూ తెల్లారేసరికి పాల సొరబుర్రతో దొడ్డివాకిట నిలబడి, మేతకెళ్లే ఒంటెల మీద, బావికెళ్లే ఆడవాళ్ల మీద పాలు చిలకరించేవాడు. లారీ డ్రైవర్ అడిగినా, పన్నులాయన అడిగినా చిలకరించేవాడు. దీవెన కోరినవాణ్ణి నువ్వెవరని అడగడం కెన్యాలోని ఆ సంబురు తెగ పెద్దలకు తప్పు. గాలిమరల కంపెనీవాళ్లు స్థలం గుర్తుకు మొదటి మేకు పాతేచోటికి పిలిస్తే అలాగే వెళ్లాడు. వాళ్లు ఫోటో తీసి, ఊరిపెద్దే ఒప్పుకున్నాడని కోర్టుకు చెప్పారు. పోయిన వారం బీళ్ల కోసం ఊరు వేసిన కేసు పోయింది. బావి కంపెనీ కంచె లోపలికి పోయింది.

అప్పట్నుంచి సొరబుర్ర గుడిసె గుంజకే వేలాడుతోంది. ఒంటెలు మాత్రం అలవాటు కొద్దీ దొడ్డివాకిట ఆగి, మెడలు సాచి కాసేపు చూసి వెళ్తున్నాయి.

అప్పీలుకని నైరోబీ బయల్దేరిన నైసియే కొడుకు లెతోయో వచ్చి తల వంచాడు. ముసలాయన చెయ్యి సొరబుర్ర దాకా వెళ్లి, ఖాళీగా వెనక్కొచ్చింది.

"అక్కడ ఫోటోలు బాగుచేసేవాళ్లుంటారటగా నాయనా. నన్ను ఉండనీ, నా నవ్వూ ఉండనీ. ఆ చెయ్యొక్కటీ చెరిపించుకొస్తావా?"