తలుపు బయట ఆయమ్మ

పోయిన సోమవారం పొద్దున పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో లారీ గుద్ది మా కాలేజీ ఆయమ్మ చనిపోయింది. పనికి వెళ్తూ రోడ్డు దాటుతోందట. కాలేజీ ప్యూను పటాన్‌చెరుదాకా వచ్చి, నేను టైపు చేసే బల్ల దగ్గర నిలబడి, "ఆయమ్మ లేదమ్మా ఇగ. ఆడికాడనే అయిపోయింది" అన్నాడు. నేను వెళ్ళేసరికి రక్తం మీద ఎవరో ఇసుక పోశారు. ఆ ఇసుక మీంచే లారీలు నడుస్తున్నాయి.

ఆయమ్మ సంగారెడ్డి కాలేజీలో ఆడపిల్లల గది చూసుకునేది. గది ఊడ్చడం, కుండలో నీళ్ళు నింపడం ఆమె జీతానికి చేసే పనులు. మిగతావన్నీ ఎవరూ చెప్పకుండానే చేసింది. గోడ అలమారలో ఉతికిన చీర ఒకటి, టింక్చర్ సీసా, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, చదువు ముగించి వెళ్ళిన పిల్లల దగ్గర అడిగి తీసుకున్న పుస్తకాలు ఉండేవి. ఆమెకు చదవడం రాదు. కానీ స్కాలర్‌షిప్పు కాగితం మీద ఎవరి ముద్ర ఎక్కడ పడాలో, ఫీజు మాఫీ కోసం ఏ గుమాస్తాను ఏ పూట కదిలించాలో ఆమెకు తెలిసినంతగా మా లెక్చరర్లకు తెలియదు. ఆకలితో వచ్చిన పిల్లను తిన్నావా అని అడిగేది కాదు. "అడిగితే తిన్న అనే అంటరు. రొట్టె చేతుల పెట్టాలె" అనేది.

నేను ఆ అలమార అవసరం పడి వెళ్ళిన రోజు నా తల పగిలి ఉంది.

అమ్మానాన్న పోయాక మా అన్న నన్ను హత్నూర నుంచి పటాన్‌చెరు తెచ్చుకున్నాడు. కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో అతనికి పని దొరికింది. కిరాయి గదిలో ఇద్దరమే ఉండేవాళ్ళం. మొదటి ఏడు తనే బస్సెక్కించి కాలేజీకి పంపాడు. తాగుడు మొదలయ్యాక వేరే మనిషయ్యాడు. చదువు మాని ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి రమ్మన్నాడు. రానన్నందుకు బెల్టుతో కొట్టాడు. ఒక ఉదయం నా పుస్తకాలు పొయ్యిలో పెట్టాడు. అడ్డం వెళ్తే జుట్టు పట్టుకుని తల గడపకేసి కొట్టాడు. అతను డ్యూటీకి పోగానే నేను తలకు కొంగు చుట్టుకుని బస్సెక్కాను.

ఆయమ్మ గాయం కడిగింది. ఎవరు కొట్టారని అడగలేదు. తన రవిక చేయి పైకి లాగి కాలిన మచ్చలు చూపించింది. "మా ఇంటాయన పెట్టిన వాతలు. ఏడేండ్లు ఓర్చిన. నువ్వు ఏడు దినాలు గూడ ఓర్వకు" అంది. ఆ సాయంత్రం నన్ను తన ఇంటికి తీసుకుపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మా అన్న సైకిల్ గొలుసు పిడికిలికి చుట్టుకుని కాలేజీకి వచ్చాడు. గదిలో నాతోపాటు మరో నలుగురు అమ్మాయిలు ఉన్నారు. ఆయమ్మ గుమ్మంలో నిలబడింది.

"మా ఇంటి ముచ్చట ఇది. నువ్వు జరుగు" అన్నాడు.

"నీ ఇంటి ముచ్చటైతే ఈడికెందుకొచ్చినవ్? గిది కాలేజి. నేను జరుగ."

మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. ఆమె అతని వైపే చూస్తూ, వెనక్కి తిరగకుండానే నాతో అంది: "గడియ పెట్టు బిడ్డా."

నేను గడియ పెట్టాను. ఆమెను బయట వదిలి పెట్టాను. చెక్క తలుపు అవతల గొలుసు చప్పుడు, ఆమె మూలుగు, చివరికి ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నా పక్కనున్న అమ్మాయి వాంతి చేసుకుంది. తలుపు తెరవాలని నా చేయి రెండుసార్లు గడియ దాకా వెళ్ళింది. రెండుసార్లూ బయటినుంచి "తియ్యకు" అని ఆమె గొంతు వినిపించింది. ఆటస్థలం నుంచి మగపిల్లలు పరిగెత్తుకొచ్చి అతన్ని పడేసి కొట్టేదాకా ఆమె గుమ్మం వదల్లేదు.

పోలీసులు అన్నను రెండు రోజులు ఠాణాలో ఉంచి వదిలేశారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఇంటి గొడవ ఇంట్లోనే సర్దుకోమన్నాడు. నా వెంట వచ్చిన ఆయమ్మ కట్టు కట్టిన చేయి ఆయన బల్ల మీద పెట్టింది.

"సార్, ఈ పిల్లను ఆ ఇంటికే పంపుతా అంటే, రేపు దానికేమన్న అయితే బాధ్యత నాది అని ఒక కాగితం రాసియ్యుండ్రి. నేనే తోలుకపోయి అప్పజెప్పొస్త."

ఆయన కాగితం రాయలేదు. హాస్టల్ సీటుకు దరఖాస్తు తెప్పించాడు. సంరక్షకుల సంతకం దగ్గర, కట్టులోంచి బయటికి కనిపిస్తున్న బొటనవేలికి సిరా రాసి ఆయమ్మ ముద్ర వేసింది. వేలు నొక్కినప్పుడు నొప్పికి కళ్ళు మూసుకుంది.

చాలా రోజుల తర్వాత అడిగాను, "నిన్ను బయట పెట్టి గడియ ఏసిన. కోపం రాలేదా ఆయమ్మా" అని.

"నేను చెప్తెనే గద ఏసినవ్. తీసి ఉంటే నేను తిన్న దెబ్బలన్ని దండుగైతుండె" అంది, నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేస్తూ.

నేను డిగ్రీ పాసై ఉద్యోగంలో చేరాను. ఆ జవాబు విన్నాక కూడా, తలుపు గట్టిగా మూసిన చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

ఆయమ్మ పాడె లేచేటప్పుడు మా అన్న వచ్చాడు. అతన్ని చూసి నాలుగేళ్ళయింది. చిక్కిపోయాడు. భుజం మార్చుకోవడానికి పాడె ఆగినప్పుడు ముందుకు వచ్చాడు. అందరూ నా వైపే చూశారు.

"నువ్వు పట్టకు" అన్నాను.

అతను ఆగిపోయాడు. డప్పు మళ్ళీ మొదలైంది. మేము మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. పాడె మోయడానికి అప్పటికే తువ్వాలను నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకున్నాడు. దాన్ని తీయకుండా రోడ్డు మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు.