గ్రహణం నాడు వదిన గది ముందు

పిడుగురాళ్లలో పుట్టిన ప్రతిదాని మీదా సున్నపు దుమ్ము ఉంటుంది. నా మీద దానికి తోడు ఒక మొర్రి కూడా ఉంది. పైపెదవి నిలువునా చీలి పుట్టాను. కాస్త పెద్దయ్యాక గుంటూరు పెద్దాసుపత్రిలో కుట్టారు గానీ, మాట ఇప్పటికీ సగం ముక్కులోంచే వస్తుంది. మా వైపు దీన్ని గ్రహణం మొర్రి అంటారు. నేను కడుపులో ఉండగా గ్రహణం పట్టిందట, ఆ వేళలో అమ్మ వంకాయ కోసిందట, అందుకే నా పెదవి తెగిందట. ఇది ఎవరో అల్లిన కథ కాదు, అమ్మే తన నోటితో ఒప్పుకున్న మాట.

అలాంటివాణ్ని తీసుకెళ్లి ఆకాశం చూసే క్లబ్బుకి సెక్రటరీని చేశారు! కాలేజీ లాబ్‌లో అసిస్టెంటుగా నేను చేరిన కొత్త అది. మా ఫిజిక్స్ మాస్టారు, నేను, మరో పదిమంది కలిసి మేడ మీద నక్షత్రాలు లెక్కపెట్టుకుంటుండేవాళ్లం. 1980 ఫిబ్రవరిలో సంపూర్ణ సూర్యగ్రహణం వస్తోందని తెలిసిన రోజు మాస్టారు తిండి మానేశాడు. మా ఊళ్లో సూర్యుడి అంచు కాస్త మిగిలిపోతుంది, కృష్ణ దాటి నల్గొండ వైపు వెళ్తే సూర్యుడు పూర్తిగా మాయమవుతాడు అన్నాడు. మాచర్ల మీదుగా సాగర్ డ్యామ్ దాటి పోవడానికి సున్నం లారీ ఒకటి మాట్లాడాను. చూడటానికి వెల్డింగ్ షాపుల్లోంచి నల్ల అద్దాలు పోగుచేశాను. సరిగ్గా గ్రహణం పట్టి ఉన్నప్పుడు అందరి ఎదుటా పులిహోర తినాలని మాస్టారి పట్టుదల. దాన్ని వండటానికి మాత్రం ఏ ఇంట్లోనూ ఆడవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఆయనే గరిట పట్టుకుంటానన్నాడు.

ఊళ్లో జనం మమ్మల్ని చూసే తీరు మారింది. కోస్తాలో ఉప్పెన వచ్చి మూడేళ్లు కూడా కాలేదు. టీ బంకు దగ్గర ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్, దానికి ఎదురెళ్తున్నారంట గదా, ఊరికేమన్నా అయితే మీ పేరే చెప్తాం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు.

ఇంట్లో సంగతి వేరు. మా వదినకి నాలుగో నెల. అన్నయ్య లారీ తీసుకుని హైదరాబాద్ లోడుకి వెళ్లాడు, గ్రహణం నాటికి రాలేడు. ఎదురింట్లో మా మేనత్త, అంటే నాన్న అక్క. నాన్న పోయినా ఆవిడ పెత్తనం పోలేదు. "ఏమే, నీ కోడలన్నా జాగ్రత్తగా ఉంటదా, నీ మాదిరిగానే కత్తిపీట ముందేసుకుంటదా?" అని రోజూ వాకిట్లో నిలబడి అమ్మని అడిగేది. అమ్మ తల వంచుకుని చేటలో బియ్యం చెరుగుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది.

గ్రహణం నాడు నువ్వు వెళ్లొద్దని అమ్మ వారం ముందు నుంచీ చెబుతూనే ఉంది. నేను వింటేగా! పెదవి చీలడానికీ సూర్యుడికీ సంబంధం లేదని, బిడ్డ మొహం కడుపులో ఎప్పుడు తయారవుతుందో పుస్తకాల్లో ఉందని పాఠం చెప్పాను. అమ్మ అంతా విని, "నువ్వు చెప్పేది నిజమేరా, అయినా పోవద్దు" అంది. నిజమేనంటూనే వద్దనే మనిషితో ఏం వాదిస్తాం? చిరాకుపడి లేచి వెళ్లిపోయాను.

కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లొచ్చిన జనం కాళ్ల నొప్పులు ఇంకా తగ్గనే లేదు, అమావాస్య వచ్చేసింది. పొద్దున్నే లారీ వచ్చి మా సందు మొగలో హారన్ కొట్టింది. అద్దాల సంచీ భుజాన వేసుకుని గడప దాటబోతే అమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"నేనానాడు ఏందీ కొయ్యలేదురా" అంది.

నాకు అర్థం కాలేదు.

"వంకాయా లేదు, కత్తిపీటా లేదు. చెప్పినట్టే చీకటి గదిలో పండుకున్నా. దోమ కుట్టినా కదల్లేదు. అయినా నువ్వట్టా పుట్టావు. మీ నాయనమ్మ, మీ అత్త నిన్ను చూసి, వీడు అరిష్టం, పాలు పట్టబాకు, వీడు బతికితే ఇల్లు మునుగుద్దన్నారు. రెండు రోజులు పాలు పట్టనీలేదు నన్ను. అప్పుడు చెప్పా, పిల్లోడిదేం లేదు, నేనే మరిచిపోయి వంకాయ కోశానని. తప్పు నాదంటే నిన్ను బతకనిచ్చారు."

లారీ మళ్లీ హారన్ కొట్టింది. "మరి ఇప్పుడు నేనెందుకు ఉండాలమ్మా?" అన్నాను.

"గ్రహణానికి కాదురా నా భయం. మీ అత్తకి. మీ వదిన ఎంత పద్ధతిగా పండుకున్నా రేపు బిడ్డకి ఏమన్నా అయితే అది కదిలిందనే అంటారు. కదల్లేదని నేను చెప్తే ఎవరు నమ్ముతారు? నేను తప్పు చేసినదాన్ని గదా. నువ్వయితే ఇయ్యన్నీ నమ్మనోడివని ఊరందరికీ తెలుసు. నువ్వు చెప్తే నమ్ముతారు. గది ముందు కూసో."

సంచీ తీసుకెళ్లి లారీలో మాస్టారికి ఇచ్చేశాను. ఆయన నా మొహం చూసి, సంచీ ఒళ్లో పెట్టుకుని, పోనివ్వమని డ్రైవర్‌కి చెప్పాడు.

మధ్యాహ్నం ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి అత్త మా వాకిట్లో రోకలి నిలబెట్టింది. అది నిలబడగానే, పట్టింది పట్టింది అంటూ తన ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. సందంతా తలుపులు మూసుకున్నాయి. వదిన చీకటి గదిలో పడుకుంది, నేను బయట గది గడప ముందు కూర్చున్నాను. క్వారీల్లో తూటాలు పేలలేదు, రోడ్డు మీద ఒక్క లారీ లేదు. సున్నపు బట్టీల పొగ మాత్రం మనిషి లేకుండా దానంతటదే లేస్తోంది. వెలుతురు సాయంత్రంలా ఎర్రబడి తగ్గలేదు. ఎక్కడి రంగు అక్కడే చచ్చిపోతూ వచ్చింది. తెల్లటి సున్నపు గోడలు బూడిదలా అయ్యాయి. కోళ్లు గంప కిందికి దూరాయి. కుక్కలు అరవనైనా లేదు.

ఇదంతా ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు, బోర్డు మీద బొమ్మలు గీసి పిల్లలకు చెప్పినవాణ్ని. అయినా నాకు వణుకు పుట్టింది. నిష్ఠగా పడుకుంటే బిడ్డ బాగుంటుందని నమ్మేవాళ్లకి కనీసం ఆ ధైర్యమైనా ఉంది. అమ్మకీ నాకూ అదీ లేదు. లోపలున్న బిడ్డని కాపాడేది ఏదీ లేదని ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు.

చీకటి బాగా కమ్ముకున్నాక లోపల్నుంచి వదిన పిలిచింది. "మరిదీ, అరికాలు చానా దురదగా ఉంది. గోక్కోనా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు. ఏం కాదు గదా?"

ఏం కాదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. గోక్కుంటే ఏం కాదని నాకు తెలుసు. రేపు ఏమన్నా అయితే, గోక్కుందా అని అత్త అడిగితే, నేనేం చెప్పాలి? పక్కనే గోడకి చేరగిలబడిన అమ్మ నా వైపే చూస్తోంది.

"వద్దొదినా, ఓర్చుకో" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం విడుపు స్నానాలయ్యాయి. రాత్రికి మాస్టారు లారీ దిగి మా ఇంటికే పరిగెత్తుకొచ్చాడు. పట్టపగలు చుక్కలు కనపడ్డాయట, నల్లటి సూర్యుడి చుట్టూ వెండి జుట్టు లేచిందట. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు పెద్దమనిషి. నేను తల ఊపుతూ ఉన్నాను గానీ ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

వానాకాలంలో వదినకి ఆడపిల్ల పుట్టింది. పెదవి, అంగిలి, వేళ్లు అన్నీ వేలితో తడిమి చూశాక అమ్మ నేల మీద చతికిలబడి బావురుమంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

పురుడు రోజున ఇంటినిండా ఆడవాళ్లు. అత్త బిడ్డని ఒళ్లో వేసుకుని గడ్డం పట్టుకుని అందరికీ చూపించింది. "చూశారుగా, నిష్ఠగా పండుకుంటే ఎట్టాంటి బిడ్డ పుట్టిందో! ఏమే, నువ్వూ ఆనాడు ఇట్టా ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటే నీ కొడుక్కి ఈ గతి పట్టేదా?"

ఇక నావల్ల కాలేదు. "అమ్మ ఆనాడు..." అని లేచాను. అమ్మ నా మాట పూర్తి కానివ్వలేదు. "అవునొదినా, నాదే తప్పు" అంది, నవ్వుతూ, అందరికీ వినపడేలా.

వంటింట్లోకి వెళ్లి గట్టిగా అరిచాను. ఎందుకమ్మా ఇంకా, నేను బతికే ఉన్నాను కదా, ఇప్పటికైనా చెప్పొచ్చు కదా అని.

"నేను కొయ్యలేదంటే, మరి మొర్రి ఎక్కణ్నుంచి వచ్చిందంటారు?" అంది అమ్మ గొంతు తగ్గించి. "మీ రక్తంలోనే ఉందంటారు. రేపు ఆ పిల్లని ఎవరు చేసుకుంటారు?"

తర్వాత పళ్లెంలో పసుపు కుంకుమ పెట్టుకుని, బయట కూర్చున్న వాళ్లకి బొట్టు పెట్టడానికి వెళ్లింది. ముందు అత్తకే పెట్టింది.