ఎదురుగాలి ఇంజను

మా మేస్త్రిగారు పోయారు. "నాన్నగారు ప్రభువు దగ్గరికెళ్లిపోయారండి" అని ఆయన కూతురు గురువారం పొద్దున్న ఫోన్ చేసింది. భీమవరం పక్కన మా రొయ్యల చెరువుల మీద ముప్పై ఏళ్లు ఇంజన్లు బాగుచేసిన మనిషి. ఆయన గురించి ఊరంతా చెప్పుకునే మాట ఒకటుంది. అది అబద్ధం. ఆ సంగతి చెప్పాల్సినవాణ్ని నేనే.

మద్రాసు రేసుల్లో పరిగెత్తి పరిగెత్తి మూలపడిన ఎర్ర కారొకటి మా తాతగారు కొన్నారు. ఆయన పోయాక మాకది షెడ్డులో పాత సామాను. మేస్త్రిగారు మాత్రం ప్రతి ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతోనే వచ్చి దాన్ని తుడిచేవారు. కాసేపు స్టార్ట్ చేసి, చెవి పెట్టి వినేవారు.

"దీనికింకా పరుగు తీరలేదండి."

"అయితే పెళ్లి చేద్దామా ఏంటి, మేస్త్రిగారూ?" అని నవ్వేవాణ్ని.

ఒక ఏడాది మూడురోజులు ముసురు పట్టింది. కరెంటు లేదు, జనరేటర్ మొరాయించింది. గాలందక రొయ్యలు నీటిమీదకి తేలుతున్నాయి. ఆ కారు ఇంజను ఊడదీసి, నీళ్లలోకి గాలికొట్టే ఏరేటర్లకి బిగించమన్నాను.

"వద్దు బాబూ. పరుగులో ఎదురుగాలికి చల్లబడే ఇంజనండి అది. ఒకేచోట తిప్పితే మాడిపోద్ది."

"రొయ్యలు పోతే నా పిల్లలకి అన్నం నువ్వు పెడతావా?" అని అరిచాను.

ఆయన వెళ్లి ఇంజను ఊడదీశారు. బిగించారు. గంటన్నర తిరిగి ఇంజను మాడి పట్టేసింది. రొయ్యలూ దక్కలేదు. మిగిలిన కారుని పాత ఇనుముకి వేసేశాను. స్టీరింగొక్కటి ఇమ్మని అడిగి పట్టుకెళ్లారాయన.

పదేళ్లకి కోయంబత్తూరు నుంచి ఇద్దరు ఆ కారు ఫొటో పట్టుకొచ్చారు. అలాంటి కార్లు లోకంలో రెండో మూడో మిగిలాయట, వాటికోసం కోటీశ్వరులు కొట్టుకుంటున్నారట. ఊరంతా మూగింది. "ఎవరు పాడుచేశారు?" అని అడిగారు. నేను తలొంచుకున్నాను.

"నేనేనండి. తెలీక విప్పేశాను" అన్నారు మేస్త్రిగారు.

అంతే. లక్ష్మిని పాత ఇనుముకేసిన మేస్త్రి అని పేరు పడిపోయింది. కొత్త ఇంజన్లు ఆయన చేతికివ్వడం మానేశారు. ఎందుకలా అన్నారని ఒకసారి అడిగాను. "మీరు పదిమందికి సమాధానం చెప్పుకోవాలండి. నాకైతే దేవుడొక్కడే కదండీ" అన్నారు. సిగ్గులేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

సమాధి దగ్గర పాస్టరుగారు కూడా, తన తప్పు తానే ఒప్పుకున్న మనిషని ఆయన్ని మెచ్చుకున్నారు. అప్పుడూ తలొంచుకునే నిలబడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆ తప్పు నాది.

మొన్న ఆదివారం ఆయన షెడ్డుకి వెళ్లాను. గోడకి ఆ స్టీరింగు అలాగే ఉంది. పక్క మేకుకి ఆయన తుడుపుగుడ్డ. స్టీరింగు మీద పల్చగా దుమ్ము పట్టింది. గుడ్డ తీశాను. తుడవడానికి చెయ్యి రాలేదు.