చెయ్యి ఎత్తినవాళ్ళు నిలబడాలి

మా సందు చివరింటి టీచరమ్మ మొన్న శనివారం పోయారు. మోండా మార్కెట్‌కి బయలుదేరి, చెప్పులు వేసుకుందామని మెట్టు మీద కూర్చున్నారట, మళ్ళీ లేవలేదు. ఆ కబురు వినగానే నాకు ఏమనిపించిందో చెప్తే మీరేమనుకుంటారో గానీ, 'అయ్యో, జవాబు వినకుండానే వెళ్ళిపోయారే' అనిపించింది.

రోడ్డు వెడల్పు కోసం మా సందులో దుకాణాలన్నీ తీసేస్తామన్నారు. అందులో నా టైలరింగ్ దుకాణం ఒకటి, మా ఇల్లు గడిచేది దాని మీదే. మా కార్పొరేటర్ మైకు పట్టుకుని "ఒక్క షట్టర్ సుత ముట్టనియ్య" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. టీచరమ్మ మాత్రం "ఓటు ఎటు వేస్తాడో చూద్దాం పద" అని నన్ను కౌన్సిల్ మీటింగుకి లాక్కెళ్ళారు. దుకాణాలు తీసెయ్యడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే, మావాడి చెయ్యి కూడా లేచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, "ఎందుకు ఎత్తాడంటావ్?" అన్నారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

అతను ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. ఆవిడ క్లాసులో లీడర్‌ని ఎన్నుకోవాలన్నా, పిక్నిక్ ఎక్కడికో తేల్చాలన్నా, చెయ్యి ఎత్తిన పిల్లలు లేచి కారణం చెప్పాలి. ఆవిడ "సరే, కూర్చో" అనేదాకా నిలబడే ఉండాలి. "మా దోస్తు ఎత్తిండని ఎత్తిన" అన్నా ఒప్పుకునేవారు, నిజం చెప్పాడు కదా అని.

అతని ఇంటి ముందు గొడవ చేద్దామంటే ఆవిడ వద్దన్నారు. "తిడితే వెళ్ళిపోతాడమ్మా. అడిగితే కాసేపు కూర్చుంటాడు." ఇంటికి పిలిచి టీ ఇచ్చి అడిగారు.

"మైకులో ఒకటి చెప్పావు, అక్కడ చెయ్యి ఇంకోదానికి ఎత్తావు. ఎందుకు నాయనా?"

"చెప్తా టీచర్, జెర టైమియ్యున్రి" అని టీ తాగి జారుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా అదే ప్రశ్న, అదే టీ, అదే జవాబు.

"ఇంకేం చెప్తడు టీచరమ్మా, మోసం చేసిండు" అని నేను విసుక్కునేదాన్ని.

"అయ్యుండొచ్చు. మనం చూసింది చెయ్యే కదా, లోపల ఏముందో చూళ్ళేదు" అనేవారు.

సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి ఆవరణలో అందరం కూర్చున్నాం. దుకాణాల సంగతి కౌన్సిల్ మళ్ళీ ఆలోచించాలని టీచరమ్మ పేరు మీద అర్జీ పెడదామన్నారు చర్చి పెద్దాయన. ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమన్నారు. వెనక వరసలో కార్పొరేటర్ కూడా ఎత్తాడు. ఈయన చేతిని ఎవరు నమ్ముతారు అనుకున్నాను.

అందరం చేతులు దించాం. అతను లేచి నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు.

"ఆ దినం ఎందుకు ఎత్తిన్నంటే, పార్టీ ఎత్తమన్నది. ఎత్తకుంటే మల్ల టికెట్ రాదని భయపడ్డ. గంతే టీచర్" అన్నాడు, మాలో ఎవరినీ చూడకుండా.

"మరి ఇయ్యాల భయం లేదా?" అని నేనే అడిగాను.

"ఉన్నది. అయినా ఎత్తిన. కౌన్సిల్ల సుత ఇదే చెప్త."

చెప్తాడో లేదో నాకింకా తెలియదు. పెద్దాయన అర్జీ మాటల్లో పడ్డారు, టీ గ్లాసులు వచ్చాయి. అతను మాత్రం కూర్చోమనేవాళ్ళు లేక, చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.