గేటు రంగు పూసుకున్న బండి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. మామూలువాళ్ళు తొమ్మిదో తరగతి ఒక్క ఏడాదే చదువుతారు, నేను రెండేళ్ళు చదివాను. మూడో ఏడు కూడా ఉండమంటారేమోనని ఎదురుచూశాను గానీ, హెడ్మాస్టారు గారు మా నాన్నను పిలిచి, “వీడి తెలివికి మా బడి సరిపోవట్లేదండి” అన్నారు. (ఆ మాటను చాలాకాలం మెచ్చుకోలు అనుకున్నాను.) ఇంట్లో అందరూ వేదం చెప్పుకున్నవాళ్ళే. నాకు అదీ అబ్బక, రాజమండ్రి శివార్లలో గేట్లకూ గ్రిల్స్‌కూ పౌడర్ కోటింగ్ చేసే షెడ్డులో చేరాను. ఇనుము మీద రంగుపొడి చల్లి, గది అంత ఓవెన్‌లో పెట్టి కాలిస్తే పొడి కరిగి గట్టి పొరలా పట్టేస్తుంది. ఆరు నెలలు ఆ పని చేశాక, రంగు వెయ్యకూడని వస్తువు లోకంలో ఒక్కటీ కనబడలేదు.

మా బాబాయి పురోహితుడు. ఆయన బండికి హ్యాండిలు, మడ్‌గార్డులు, సైలెన్సర్ అన్నీ క్రోమే. రోజూ సంధ్యావందనం కాగానే గుడ్డకు ఇంత విభూతి అద్ది వాటిని తళతళా రుద్దేవారు. (నుదుటికి పెట్టుకున్న దానికంటే బండికి పెట్టిందే ఎక్కువ.) కాలువగట్టు మీద దూరంగా మెరుపు కనబడితే, పంతులుగారు వచ్చేస్తున్నారని గోదావరి లంకల్లో ఆడవాళ్ళు ప్రసాదం పొయ్యి మీదకి ఎక్కించేవారు. అటువంటి బండి తాళాన్ని, పిఠాపురంలో నాలుగు రోజుల హోమానికి వెళుతూ నా చేతిలో పెట్టి, “ఆయిల్ మార్పించరా. ఆయిల్ ఒక్కటే” అన్నారు. నాకు ఆ ఒక్కటే అన్న మాట తప్ప మిగతాదంతా వినిపించింది.

అప్పట్లో నా ఫోన్లో ఏ బండి చూసినా నల్లగా నిగనిగలాడేది. క్రోమ్ ముసలివాళ్ళ సోకని తేలిపోయింది. బాబాయిని కుర్రాణ్ణి చేద్దామని మెరిసే సామానంతా విప్పి షెడ్డుకి పట్టుకెళ్ళాను. మా ఓనరు గారు చూసి, “సైలెన్సర్ జోలికెళ్ళకు పంతులూ. ఇది గేట్లకేసే పొడి. గేటు వేడెక్కదు కదా” అన్నారు. “నలుపు నలుపేనండి” అన్నాను. క్రోమ్ మీద రంగు నిలవాలంటే ముందు గరుకుకాగితంతో అంతా గీకాలి. నేను పైకి కనబడేంత మేర గీకాను. (పరీక్షలకు చదివిన పద్ధతే.)

బాబాయి రాత్రి పొద్దుపోయి తిరిగొచ్చిన మర్నాడు లంకలో ఒక రైతుగారి రెండంతస్తుల మేడకి గృహప్రవేశం. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా బాబాయి చేతుల మీదే. కానీ వాళ్ళ కొత్త వియ్యంకుడు గారు, కారున్న వేరే పంతులుగారిని పిలుద్దామని అప్పటికే గొడవ పెడుతున్నారు. ఏ చిన్న తేడా వచ్చినా ఆ ఇల్లు చేజారిపోతుందని బాబాయి బెంగ. పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని బయటికొచ్చి, “ఇదెవరి బండిరా?” అన్నారు.

“మీదేనండి.”

చుట్టూ ఒకసారి తిరిగి, “మెరిసేదంతా ఏం చేశావు?” అన్నారు.

“లోపలే ఉందండి.”

“ఎనిమిదింటికి ముహూర్తం. తిట్టే టైము లేదు, నడుపు.”

రెండు మైళ్ళు వెళ్ళేసరికి ప్లాస్టిక్ బకెట్ కాలుతున్న వాసన మొదలైంది. మూడో మైలుకి పొగ. సైలెన్సర్ మీది రంగు అప్పడంలా పొంగి, కొంత ఊడి రోడ్డున పడింది, కొంత మెత్తబడి బాబాయి పంచె అంచుకి అంటుకుంది. ఆ వైభవంతో కొత్తింటి ముందు దిగబోతుండగా, రైతుగారి తల్లి గుమ్మంలోంచే చెయ్యి అడ్డం పెట్టారు.

“పంతులుగారండీ, అక్కడే ఆగండి. ఆవు ఇంకా గడప తొక్కలేదు, ఈలోగా నల్లబండేంటండి? పైగా ఆ పొగేంటి?”

వియ్యంకుడు గారు జేబులోంచి ఫోను తీశారు. బాబాయి ఆ ఫోను వంక చూశారు, నా వంక చూశారు, గొంతు సవరించుకున్నారు.

“మామ్మగారూ, దిష్టిబొమ్మ కట్టించారా?”

“కట్టించామండి.”

“ఇంత మేడకి ఆ బొమ్మ ఏ మూలకొస్తుందండి? అందుకే మా వాడిచేత దీనికి నలుపు పెట్టించి తెచ్చాను. మూడు రోజులు గుమ్మానికి ఎదురుగా ఉంచండి. ఊళ్ళో కళ్ళన్నీ దీని మీదే పడతాయి.”

మామ్మగారు బండిని తేరిపార చూశారు. బొబ్బలెక్కి, మచ్చలు పడి, పొగ కక్కుతున్న దాన్ని చూశాక ఆవిడకి అనుమానం మిగల్లేదు. హ్యాండిలుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించి, పసుపు బొట్లు పెట్టించారు. వియ్యంకుడు గారి ఫోను జేబులోకి వెళ్ళిపోయింది. ఆవు లోపలికెళ్ళింది, వెనకాలే బాబాయి.

ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది. క్రోమ్ నల్లగా చెయ్యమని కుర్రాళ్ళు బళ్ళు తెస్తారు. సైలెన్సర్ వద్దు తమ్ముడూ అంటే, నలుపు నలుపే కదన్నా అంటారు. వాళ్ళ మీద కోపం రాదు, ఎక్కడో విన్న గొంతులా ఉంటుంది. ఆ రోజు మాత్రం, బండి దిష్టికి కాపలా ఉండిపోతే, నేనూ బాబాయీ కాలువగట్టు మీద నడిచి ఇంటికొస్తున్నాం. తిట్లు పడకముందే ఘనత కొట్టేద్దామని, “చూశారా బాబాయి, నా రంగే ఈ వేళ ఆ ఇల్లు మీకు నిలబెట్టింది” అన్నాను.

బాబాయి ఆగి, పంచె అంచుని చేత్తో ఎత్తి పట్టుకుని అన్నారు: “ముప్పై ఏళ్ళలో ఆ గుమ్మంలో శాస్త్రంలో లేని మాట ఒక్కటి చెప్పలేదురా. నీ రంగు సైలెన్సర్‌కి పట్టలేదు గానీ, నా నోటికి బాగా పట్టింది.”