నా సీసా, మా ఆయన మర్యాద

ఈ రోజు గాజువాక వైన్ షాపులో అందరి చూపులూ భరించి, నా కోసం చవకలో దొరికే పినో న్వార్ అనే రెడ్ వైన్ కొనుక్కున్నాను. కాస్త చల్లబరిచి, వంటగదిలో స్టీలు గ్లాసులో పోసుకున్నాను. నేరేడు పళ్ళ వాసన, నాలుక మీద చిన్న పులుపు, చివర్లో సన్నని వగరు. ఆ ధరకి ఇంత బాగుంటుందనుకోలేదు.

రెండో గుక్క వేసేలోపే మా ఆయన పోర్టులో డ్యూటీ దిగి, స్నేహితుణ్ణి వెంటేసుకొచ్చాడు. సీసా హాల్లోకి పట్టుకెళ్ళి ఇద్దరూ గ్లాసుల్లో పోసుకుని సోడా, ఐసు కలుపుకున్నారు. నేను చేపలు వేయించి పెట్టాను.

"ఏటి బావా ఇది, సరబత్తులాగుంది! ఎక్కట్నేదు," అన్నాడు స్నేహితుడు. తర్వాత నా వైపు చూసి, "సెల్లి తాగదా?" అని అడిగాడు.

"సీసీ! మా ఇంట్లో ఆడోళ్ళు ఇలాటియి ముట్టుకోరు," అన్నాడు మా ఆయన, నా సీసాలోంచే ఇంకో గ్లాసు నింపుకుంటూ.

స్నేహితుడు వెళ్ళాక మా ఆయన ఖాళీ సీసా నా చేతికిచ్చి, "ఇలాటిదే ఇంకోటి తెచ్చి ఉంచు. ఆదివారం బావ మళ్ళీ వత్తాడు," అన్నాడు.

ముట్టుకోని ఆడవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉంటే చెప్పండి. శనివారం షాపు ముందు కలిసే నిలబడదాం.